రంజన్ కింది తడి

ఆ ఎండాకాలం పిల్లుల గురించి నేర్చుకున్నంత నేను బడిలో దేని గురించీ నేర్చుకోలేదు. బడి నాకు ఏడో తరగతితోనే అయిపోయింది. మిగతా చదువంతా ఉప్పల్ శాఖా గ్రంథాలయంలో, పేపర్లు చదివే పెద్దమనుషుల మధ్య, పొడుగాటి బల్ల చివర కూర్చుని చదువుకున్నదే. ఈ మాట చెప్పుకోవడానికి నేనెప్పుడూ మొహమాటపడలేదు. ఎవరైనా అడిగితే బాగుండునని ఎదురుచూసేదాన్ని కూడా.

మెట్రో పనులు ఇంకా మొదలు కాని రోజులవి. రెండంతస్తుల ఇంటి డాబా మీద కట్టిన సిమెంటు రేకుల గదిలో అద్దెకుండేవాళ్లం. ఒక గది, దాన్నానుకుని వంటకు చిన్న అర. మా ఆయనకు నాచారంలో ఒక ఫ్యాక్టరీలో మెషిన్ మీద పని. అత్తమ్మ మాతోనే ఉండేది. ఇంట్లో నాలుగో ప్రాణి పిల్లి. బూడిదరంగు ఒళ్లు, నల్ల చారలు. చలికాలంలో ఒక పొద్దున మెట్లెక్కి వచ్చి నా చాప మీద పడుకుంది, ఇక పోలేదు. దాన్ని బయటికి వదలడానికి లేదు. కింద సందు నిండా కుక్కలు. డాబా నిండా ఇంటి ఓనరమ్మ ఎండబెట్టిన వడియాలు. ఆమెది గుంటూరు వైపు. "పిల్లి నా వడియాల మీద అడుగు పెట్టిందో, గది ఖాళీ చేసేయండి" అని ముందే నవ్వుతూ చెప్పింది. నవ్వుతూ చెప్పినా నిజంగానే చెప్పింది. అందుకని పిల్లి లోపలే. పక్కన కడుతున్న ఇంటి దగ్గర ఇసుక అడిగి తెచ్చి, పగిలిన టబ్బులో పోసి, దానికి అన్ని ఏర్పాట్లూ లోపలే చేశాను.

ఎండలు ముదిరేముందు మంచం కింద మూడు పిల్లల్ని పెట్టింది. నా పాత చీర మడత మీద, గుప్పెడంత గుప్పెడంత ప్రాణాలు, కళ్లు మూసుకుని ఒకదాన్నొకటి తోసుకుంటూ పాలు తాగుతుంటే నాకు వంట మీద ధ్యాస నిలిచేది కాదు.

తర్వాత ఎండ వచ్చింది. రేకుల మీద సున్నం కొట్టించినా మధ్యాహ్నానికి గది పెనంలా కాలేది. కరెంటు పోయే వేళలకు కూలర్ ఉన్నా లేనట్టే. పిల్లి తినడం మానేసింది. ముందు సగం తినేది, తర్వాత వాసన చూసి వదిలేసేది, ఆ తర్వాత గిన్నె వైపే రాలేదు. నీళ్లు కూడా ముట్టలేదు. గచ్చు మీద కాళ్లు చాపుకుని, నోరు కొద్దిగా తెరుచుకుని పడుకునేది. పిల్లలు దాని పొట్ట మీద పడి లాగి లాగి, పాలు రాక సన్నగా అరిచేవి. ఆ అరుపు గోడ మీద గోరుతో గీసినట్టుండేది.

"ఆదివారం తోల్కపోత" అన్నాడు మా ఆయన. "మా షెడ్డుల పైకప్పు మస్తు ఎత్తుంటది, చల్లగ ఉంటది. క్యాంటీన్ల మిగిలింది తింటది, ఎలుకలు గిట్ల పడ్తది. గీ రేకుల కింద ఉంచి సంపుడెందుకు?"

"గాడ లారీలు తిరుగుతయి. పిల్లలకు కండ్లు మొన్ననే తెరుసుకున్నయి" అన్నాను.

"ఈడ తల్లికే కండ్లు మూసుకపోతున్నయి గద."

ఆయన చెడ్డమాటేమీ అనలేదు. ఆదివారం లోపల అది తినాలి, తాగాలి. లేకపోతే నా పిల్లి, దాని పిల్లలు అట్టపెట్టెలో నాచారం పోతాయి. జవాబు కోసం ఎప్పుడూ పోయే చోటికే గొడుగేసుకుని పోయాను.

గ్రంథాలయం సార్‌కు నేను తెలుసు. "ఏమమ్మా, ఇయ్యాల దేని మీద పడ్డవు?" అన్నారు.

"పిల్లి మీద సార్."

ఆయన అద్దాలు పైకి నెట్టుకుని, పిల్లల అరలోంచి ఒక తెలుగు పుస్తకం, పెద్దల అరలోంచి ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం తీసిచ్చారు. ఇంగ్లీషుకు నిఘంటువు పక్కన పెట్టుకున్నాను. వాక్యానికి మూడు నాలుగు మాటలు వెతుక్కుంటూ పోతే పేజీ పూర్తయ్యేసరికి మెడ పట్టేసింది. కానీ ఏం పేజీ అది. పిల్లి పూర్వీకులు ఎడారి వైపు జంతువులట. వాటికి దాహం మందంగా తెలుస్తుందట. వేటాడిన ఎలుక, పిట్టలోని తడే వాటికి చాలావరకు నీళ్లట. పెద్దయిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవట. ఒళ్లు నాక్కుంటే ఆ ఉమ్మి ఆరి చల్లబడతాయట. చెమట పాదాల అడుగున పడుతుందట. ముక్కేమో మనకన్నా ఎన్నో రెట్లు చురుకట.

పాదాలకు చెమట. ఇంటికి దాదాపు పరుగెత్తాను. పిల్లిని ఎత్తి నున్నటి గచ్చు మీద నిలబెట్టి, వంగి, చెంప నేలకు ఆనించి చూశాను. అది రెండడుగులు వేసింది. వెనక రెండు చిన్న తడి ముద్రలు, నేను చూస్తుండగానే ఆరిపోయాయి. నేను చదివిన వాక్యం నా ఇంటి నేల మీద నడిచిపోయింది. అత్తమ్మ గుమ్మంలో నిలబడి నన్నే చూస్తోంది.

"నేల మీద ఏం ఎతుకుతున్నవే?"

"చెమట అత్తమ్మా."

"నీకు పడ్తున్నది సాలదా?"

పాలు పోయొద్దని చెప్పాను. రోజూ పాలల్లో అన్నం పిసికి పెట్టేది అత్తమ్మే, దానికి కడుపు జారేది.

"పిల్లికి పాలు పడయని పుస్తకంల రాసిండ్రా?"

"రాసిండ్రు."

"రాసినోని ఇంట్ల పిల్లి లేదేమో" అంది. అయినా ఆ రోజు నుంచి పాలగిన్నె పక్కకు పెట్టింది. అత్తమ్మ ఒప్పుకునే తీరు అది.

ఎడారి జంతువుకు తిండిలోనే నీళ్లివ్వాలి కదా. కోడి మెడలు తెప్పించి, ఉప్పు, కారం లేకుండా మెత్తగా ఉడికించి, ఎముకలన్నీ ఏరేశాను. వేడి చల్లారాలని పైనుంచి బిందెలోని నీళ్లు పోసి పలచగా చేశాను. పిల్లి వచ్చింది, ముక్కు పెట్టింది, తల విదిలించి మంచం కిందికి పోయింది. నాకు ఏడుపొచ్చింది. లావుపాటి పుస్తకం అంతా చదివితే దక్కింది ఇదా అనిపించింది.

ఇక్కడ మా నీళ్ల గురించి చెప్పాలి. బోరు నీళ్లు చవ్వగా, ఉప్పు తగిలేట్టు ఉండేవి, వాటితో బట్టలు, గిన్నెలు. తాగడానికి నల్లా నీళ్లు, అవి రోజు తప్పించి రోజు వచ్చేవి. కింద నల్లా దగ్గర బిందెలు నింపి పైకి మోసుకొచ్చేవాళ్లం. మొదటి గ్లాసు అత్తమ్మకు, తర్వాతిది పిల్లి గిన్నెలోకి, ఆపైన రంజన్ నింపడం. రంజన్ అంటే కింద కుళాయి బిగించిన మట్టికుండ, ఇనప స్టాండు మీద మూల కూర్చునేది. నల్లా నీళ్లకు బ్లీచింగు పౌడరు వాసన ఘాటుగా ఉండేది. ఆ వాసనంటే మాకు గౌరవం. మందు కలిపారు, రోగం రాదు అనుకునేవాళ్లం. పిల్లికి కూడా బోరు నీళ్లు కాకుండా ఆ నీళ్లే, అదీ అప్పుడే పట్టినవే పోస్తున్నానని నాకు గొప్పగా ఉండేది.

శుక్రవారం మధ్యాహ్నం, కరెంటు లేని వేళ, నేను విసనకర్రతో పిల్లలకు విసురుతున్నాను. తల్లి లేచి, ఒళ్లు ఈడ్చుకుంటూ మూలకు పోయింది. ముందరి కాళ్లు స్టాండు మీద పెట్టి రంజన్ పొట్టను నాకడం మొదలుపెట్టింది. కుండ బయట చెమ్మగిల్లిన చోటల్లా నాకింది. కుళాయి కొసన వేలాడే చుక్కను నాలుకతో అందుకుని, ఇంకో చుక్క కోసం ఆగింది.

నేను విసరడం ఆపేశాను. అత్తమ్మ కూడా చూసింది.

"అయ్యో, రంజన్‌ను నాకుతుంది సూడే. ఎంగిలి జేసింది. గిప్పుడు గా నీళ్లెట్ల తాగుతం?"

"బయటనే గద అత్తమ్మా నాకింది."

"కుళాయికి మూతి పెట్టింది. ఇగ గది తాగే కుండ గాదు. పట్కపోయి మెట్ల మీద పెట్టు, ఓనరమ్మ చెట్లకు పోసుకుంటది. వాడు రాంగనే కొత్త రంజన్ తెమ్మని చెప్త."

అత్తమ్మకు ఎంగిలి అంటే ఎంగిలే. కొడుకైనా తన గ్లాసును మూతికి ఆనించి తాగితే కడగనిదే ముట్టేది కాదు. నాకు మాత్రం ఆ మాటలో వెలుగు కనిపించింది. మనుషులకు పనికిరాకపోతే అది పిల్లిదే కదా. "మెట్ల మీద ఎందుకు, అక్కడ్నే ఉండనియ్యి. ఎట్లనన్న ఎంగిలి అయింది, అదే తాగుతది" అన్నాను. పడేయడానికి మనసొప్పక అత్తమ్మ సరేనంది.

అది చల్లదనం కోసం నాకిందా, నీళ్ల కోసమా? చల్లదనానికైతే తడి గోనెపట్టా పరిచాను, దాన్ని నాకలేదు. పుస్తకంలోని ముక్కు మాట అప్పుడు గుర్తొచ్చింది. ఆ పొద్దున పట్టిన బిందె దగ్గరికి పోయి ముక్కు లోపలిదాకా పెట్టి వాసన చూశాను. కళ్లు మండాయి. రంజన్ ఖాళీ కాలేదని ఆ పొద్దున నింపలేదు, అందులోని మొన్నటి నీళ్లు పట్టి వాసన చూశాను. మట్టి వాసన తప్ప ఏమీ లేదు. రెండు రోజులు కుండలో నిలిచేసరికి మందు వాసన గాలిలో కలిసిపోయింది. మాకు గౌరవమైన వాసన, ఎన్నో రెట్ల ముక్కున్న దానికి ఎలా ఉండి ఉంటుంది? రోజూ మంచి నీళ్లని పోస్తూ దాని దాహాన్ని దూరం తరుముతున్నాను.

ఒకేలాంటి రెండు స్టీలు గిన్నెలు తీసుకున్నాను. ఒకదాంట్లో బిందె నీళ్లు, ఒకదాంట్లో రంజన్ నీళ్లు పోసి, తిండిగిన్నెకు దూరంగా పెట్టాను. పిల్లి మొదటి దాని దగ్గరికి పోయింది. మీసాలు వెనక్కి లాక్కుని, తల విదిలించింది. రెండో దాని దగ్గర ఆగింది. వంగింది. చెవులు వెనక్కి వాల్చి తాగడం మొదలుపెట్టింది. తప తప తప అని చిన్న చప్పుడు. గిన్నెలో నీళ్ల గీత దిగిపోతుంటే నేను నోటికి చీర చెంగు అడ్డం పెట్టుకున్నాను, కదిలితే ఎక్కడ బెదిరిపోతుందో అని. అది తలెత్తి, ఊపిరి తీసుకుని, మళ్లీ వంగింది.

ఎవరికైనా చెప్పకపోతే ఉండలేననిపించి డాబా మీదికి పోయాను. ఓనరమ్మ తలకు తువ్వాలు చుట్టుకుని వడియాలు తిరగేస్తోంది.

"ఆంటీ, మా పిల్లి నీళ్లు తాగింది."

ఆమె చెయ్యి ఆపింది. "పిల్లి నీళ్లు తాగితే ఇంత ఎండలో పరిగెత్తుకొచ్చి చెప్తావా? నా వడియాలు తొక్కిందేమోనని గుండె ఆగిపోయింది నాకు" అంది. ఆపైన, "పిల్లలకి పాలొస్తున్నాయా మరి?" అని తనే అడిగింది. నేను బ్లీచింగు సంగతంతా మొదలుపెడితే చివరిదాకా విన్నది, పాపం.

సాయంత్రం పొద్దు దిగాక మళ్లీ కోడి మెడలు, ఈసారి రంజన్ నీళ్లతో పలచన చేసి పెట్టాను. గిన్నె అడుగు మెరిసేదాకా నాకింది. మధ్యాహ్నం పెట్టిన తిండి ఆ వేడికి ఇట్టే పులుస్తుందని కూడా అర్థమైంది. అందుకని తిండి తెల్లవారకముందు ఒకసారి, పొద్దు పోయాక ఒకసారి. నడుమ నీళ్లు మాత్రమే. కూలర్ పెట్టినప్పుడు కిటికీ మూయకుండా, దోమల జాలి బిగించి గాలి ఆడనిచ్చాను. మూసిన గదిలో కూలర్ ఉక్కపోతను పెంచుతుందని చదివింది కూడా ఆ బల్ల దగ్గరే.

శనివారం సాయంత్రం మా ఆయన కొత్త రంజన్‌తో వచ్చాడు, హబ్సిగూడ దారిలో రోడ్డు పక్కన కొన్నాడట. దానితో పాటు ఫ్యాక్టరీ నుంచి అట్టపెట్టె కూడా తెచ్చాడు. నేను చెప్పిందంతా తల ఊపుతూ విన్నాడు. "మంచిదే. గని ఒక్క కుండ తోటి ఎండ పోతదా? రేకులు గట్లనే కాలుతయి గద" అన్నాడు. పెట్టె తీసుకుపోయి తలుపు పక్కన పెట్టాడు.

ఆదివారం పొద్దున ఆయన పెట్టె పట్టుకుని మంచం కిందికి వంగాడు. "ఏయ్, పిల్లలేవి?"

చీర మడత ఖాళీగా ఉంది. నేనూ వంగి చూశాను. తలుపు తీసుందేమో, కుక్కలేమో అని ఏవేవో తోచాయి. అంతలో మూలనుంచి ఆ సన్నటి అరుపు వినిపించింది, కాకపోతే ఈసారి ఆకలి అరుపు కాదు. పిల్లి రాత్రెప్పుడో ఒక్కొక్కదాన్నే మెడ పట్టుకుని మోసుకుపోయి, పాత రంజన్ స్టాండు కింద పెట్టుకుంది. పైనుంచి ఊరిన తడితో గదిలో ఎప్పుడూ చల్లగా ఉండే చోటు అదొక్కటే. పుస్తకం చదవకుండానే కనిపెట్టింది. మూడు పిల్లలూ పొట్టకు అతుక్కుని, పాదాలతో తోస్తూ గుటకలు వేస్తున్నాయి.

ఆయన పెట్టెతో అలాగే గొంతుక్కూచున్నాడు. అప్పుడే అత్తమ్మ కొత్త రంజన్‌లోంచి నీళ్లు పట్టుకుని ఒక గుక్క తాగి, మొహం ముడుచుకుంది. "పచ్చి మట్టి కంపు కొడ్తంది. గీ నీళ్లు గొంతుల దిగుతలెవ్వు."

"కొత్త కుండ గదనే, నాలుగొద్దులు నానాలె" అన్నాడు ఆయన.

అత్తమ్మ గ్లాసు పారబోసి, కాసేపు అటూ ఇటూ చూసి, గ్లాసు నా చేతికిచ్చింది. "జర గా పిల్లి రంజన్లకెంచి ఇయ్యి. కుళాయి తిప్పకు. మూత తీసి పైనుంచి ముంచు."

"ఎంగిలి గద అమ్మా" అన్నాడు ఆయన, నవ్వు ఆపుకుంటూ.

"నాకింది బయట. నేను తాగేది లోపలివి" అంది అత్తమ్మ. గ్లాసు ఖాళీ చేసి మూతి తుడుచుకుంది. "గా డబ్బా పట్కొని ఎందుకు కూసున్నవ్‌రా? రంజన్ దానిది. దాన్ని తోల్కపోతే రంజన్ గూడ ఇయ్యాలె. మరి నేనేం తాగాలె?"

ఆయన నా వైపు చూశాడు. నేను పిల్లి వైపు చూశాను. ఆయన పెట్టెను ఒక పక్కకు కోసి, లోపల నా పాత చీర మడిచి వేసి, రంజన్ స్టాండు దగ్గరగా జరిపాడు. పిల్లి దాన్ని చాలాసేపు వాసన చూసి, ఒక కాలు లోపల పెట్టింది.