ఎడారి దారిలో దిష్టి నిమ్మకాయలు

పోయిన వారం మా తమ్ముడి కొడుకు బెంగుళూరు నుంచి ఫోన్ చేశాడు. వాడూ వాడి భార్యా కలిసి ఆఫ్రికా దక్షిణాన ఉన్న ఎడారుల్లో సఫారీకి వెళ్తున్నారట. నమీబియాలో ఎక్కితే బోట్స్వానాలో దిగడం. లారీకి సీట్లు బిగించినట్టుండే బండి, అందులో ముక్కూ మొహం తెలియని ఇరవై మంది. పగలంతా ప్రయాణం. బండి ఎక్కడ ఆగితే అక్కడ ఎవరి డేరా వాళ్ళే వేసుకోవాలి. కూరగాయలు తరగాలి, గిన్నెలు తోమాలి, నీళ్ళు పొదుపుగా వాడాలి, బూట్లు తొడుక్కునే ముందు తేళ్ళున్నాయేమో దులిపి చూసుకోవాలి. అంతా ఓపిగ్గా విని, "ఇవన్నీ చేసినందుకు వాళ్ళు నీకేమిస్తారు?" అని అడిగాను. "మనమే ఇవ్వాలి పెదనాన్నా!" అన్నాడు వాడు. సామాన్ల జాబితా పంపానని, సరిచూడమని చెప్పాడు. మా ఇంట్లో ఎవరు ఏ ఊరికి బయల్దేరినా జాబితా ముందు నా దగ్గరికే వస్తుంది. టార్చి లైటు రాసి బ్యాటరీలు రాయనివాళ్ళను నేను మూడు తరాలుగా పట్టుకుంటున్నాను. ఫోన్ పెట్టేసే ముందు వాడు జాలిగా, "నీకు క్యాంపింగ్ అనుభవం లేదనుకో, అయినా ఒకసారి చూడు" అన్నాడు. అనుభవం లేకేం! లారీ కాదు గానీ, చిన్నపిల్లల బడి బస్సు.

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చిన ఏడాది నేను అక్కడే, ఫహాహీల్‌లో ఉన్నాను. ప్రొద్దుటూరులో పాలిటెక్నిక్ చదివి, ఒక వర్క్‌షాపులో ఎలక్ట్రికల్ టెక్నీషియన్‌గా చేరి అప్పటికి రెండేళ్ళు కూడా కాలేదు. మనిషి అన్నాక ప్రతి పనికీ ఒక డ్రాయింగు, ఒక కొలత, ఒక వరుస ఉండాలని గట్టిగా నమ్మే వయసు. మా అమ్మకు వరసకు చెల్లెలైన చిన్నమ్మ రుమైథియాలో ఒక ఇంట్లో వంట చేసేది. ఇంటివాళ్ళు వేసవి సెలవులకు విదేశం పోయి అక్కడే చిక్కుకుపోయారు. తాళాల గుత్తి, వంటగది, ఒక నల్ల పిల్లి చిన్నమ్మ చేతిలో మిగిలాయి. మాకందరికీ పెద్దదిక్కు మాత్రం రాయచోటి అన్న. హవల్లీలో ఒక బడికి బస్సు నడిపేవాడు. అతని భార్యను నేను వదినా అని పిలిచేవాణ్ణి. ఆమెకు నెలలు నిండుతున్నాయి.

అసలు చిక్కంతా అదే. ఆస్పత్రుల్లో నర్సులూ డాక్టర్లూ ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. వదినను చూస్తున్న డాక్టరమ్మ కూడా పెట్టె సర్దుకుంటూ, "పోతే ఇప్పుడే పోండి, కాన్పు నాటికి అమ్మాన్‌లో ఆస్పత్రి మంచం మీద ఉండాలి" అని చెప్పింది. బాగ్దాద్ మీదుగా ఎడారి దాటి జోర్డాన్ చేరితే అక్కడి నుంచి విమానాలున్నాయని కబురు. వదినకు మొదటి రెండు కాన్పులూ నిలవలేదు. ఆ మాట ఎవరూ పైకి అనేవాళ్ళం కాదు. కానీ ఎప్పుడు బయల్దేరాలి, ఏ దారిన పోవాలి, ఏం తీసుకెళ్ళాలి అన్న ప్రతి చర్చా తిరిగి తిరిగి వదిన కడుపు దగ్గరే ఆగేది.

బడి యజమాని ముసలాయన బస్సు తాళాలు అన్న చేతిలో పెట్టి, సైనికులు తోలుకుపోయేకన్నా నువ్వు తోలుకుపోవడం నయం అన్నాడట. అలా బస్సు సమకూరింది. అది ఒకటో తరగతి, రెండో తరగతి పిల్లల బస్సు. సీట్లు మోకాలి ఎత్తు కూడా ఉండవు. ఎక్కింది మాత్రం కడప, రాయచోటి, రాజంపేటల నుంచి వచ్చిన తాపీ మేస్త్రీలు, డ్రైవర్లు, వంటవాళ్ళు. కూర్చుంటే మోకాళ్ళు చెవులకు తగిలేవి. కిటికీల మీద ఏనుగు, జిరాఫీ, సింహం బొమ్మలు అంటించి ఉండేవి. ఇప్పుడు తలుచుకుంటే మాది కూడా సఫారీ బండే. మృగాలు అద్దాల మీద ఉన్నాయి, అంతే తేడా.

నేను సామాన్లను తప్పనిసరి, ఉపయోగకరం, వద్దు అని మూడుగా విడగొట్టి ఒక్కొక్కరికీ చదివి వినిపించాను. అందరూ శ్రద్ధగా తలలూపి, మూడో వర్గమంతా ముందుగా బస్సెక్కించారు. ఒక మేస్త్రీ టేబుల్ ఫ్యాన్ తెచ్చుకున్నాడు. ఎడారిలో కరెంటు ఎక్కడిదయ్యా అంటే, "మా ఊర్లో ఉండాది కదప్పా" అన్నాడు. చిన్నమ్మ పిల్లిని పక్కింటి వాళ్ళకు అప్పగించి, ప్రెషర్ కుక్కరూ, రాళ్ళ ఉప్పూ, రాగిపిండీ, ఒక గోనెసంచీ పట్టుకుని వచ్చింది. ఎక్కకుండా బస్సు చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"దిష్టి ఏదిరా?"

"దేనికి దిష్టి?"

"కడుపుతో ఉండే మనిషిని ఎక్కిచ్చుకోని ఉత్త బస్సు తోల్తారా? ఇంతమంది కండ్లు పడతాయి. నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టకుండా చక్రం కదిలితే నేను దిగిపోతా."

ఆమె ఇంకా ఎక్కనే లేదని గుర్తు చేయబోయాను కానీ, వదిన అప్పటికే, "చిన్నమ్మ చెప్పినట్టే చేయండి" అనేసింది. వాళ్ళు సాయిబులే అయినా అన్న కూడా, "నజర్‌కు, అదే దిష్టికి, మావోళ్ళు, మీవోళ్ళు అని యాడుంది? కట్టు తమ్ముడూ" అన్నాడు. అయితే ఆ రోజుల్లో కువైట్ మొత్తం గాలించినా పచ్చి నిమ్మకాయ దొరకదు. చిన్నమ్మ గోనెసంచి విప్పింది. అక్కడి వంటల్లో వేసే ఎండు నిమ్మకాయలు, వాళ్ళు లూమీ అంటారు. ఎండి, నల్లబడి, గోలీకాయల కంటే కాస్త పెద్దగా, చెక్కలాగా గట్టిగా ఉంటాయి. అక్కడ మామా అని పిలిచే యజమానురాలి వంటగదిలో బస్తా నిండా ఉన్నాయట. "నిమ్మకాయ నిమ్మకాయే. ఎండితే దాని శక్తి యాడికి పోతాది?" అంది.

సూది దిగలేదు. చిన్నమ్మ మూడు సూదులు విరగ్గొట్టాక పని సాంకేతిక విభాగానికి వచ్చింది, అంటే నాకు. చేతి డ్రిల్లుతో ప్రతి కాయకూ సరిగ్గా నడిమధ్యన రంధ్రం పెట్టాను. దారం ఆ రోడ్ల మీద గంట కూడా ఆగదు కాబట్టి, ఎర్ర ప్లాస్టిక్ తొడుగున్న రాగి తీగ తీసుకున్నాను. కాయకూ కాయకూ మధ్య సమాన దూరం ఉండేలా ముళ్ళు వేసి, నడుమ బొగ్గు ముక్కలూ ఎండు మిరపకాయలూ గుచ్చి, రెండు కొసలకూ లోహపు టెర్మినళ్ళు బిగించాను. ముందు కడదామంటే రేడియేటరుకు గాలి ఆడదని అన్న ఒప్పుకోలేదు. వెనక బంపరు కింద, డీజిల్ ట్యాంకు పక్కన, ఎవరి చేతికీ అందకుండా లోపలికి బిగించాం. ఒంగి చూసి అందరూ మెచ్చుకున్నారు. దిష్టి దండ ఇంత నీటుగా కట్టడం తాను చూడలేదని చిన్నమ్మ కూడా అంది. నా రెండేళ్ళ సర్వీసులో అంత శుభ్రమైన వైరింగు నేనూ చేయలేదు.

బస్రా దాటాక ఒక చెక్‌పోస్టులో మా బస్సు ఆపారు. మాలాగే బయల్దేరి మా ముందు పోతున్న బస్సులు దుమ్ములో కలిసిపోయాయి. సైనికులు నలుగురైదుగురు, అందరికీ మీసం అప్పుడప్పుడే వస్తోంది. ఒకడు పత్రాలు చూశాడు, ఒకడు జిరాఫీ బొమ్మ చూసి నవ్వాడు. మూడోవాడు బస్సు కిందికి ఒంగాడు. ఒంగినవాడు ఒంగినట్టే వెనక్కి గెంతి ఒక కేక పెట్టాడు. ఆ తర్వాత తుపాకులన్నీ మా వైపే తిరిగాయి.

అందర్నీ దింపి, చేతులెత్తించి, రోడ్డుకు దూరంగా ఇసుకలో నిలబెట్టారు. ఎండ నెత్తి మీద నిప్పులు పోస్తోంది. వదిన నిలబడలేక కడుపు పట్టుకుని ఇసుకలో కూలబడింది. ఆమెకు నీడ ఇవ్వడానికి అన్న చొక్కా విప్పబోతే, కదలొద్దని అరిచారు. "షినూ హాదా?" అని, ఇదేమిటో చెప్పమని, నా వయసే ఉన్న సైనికుడు ఒకడు బంపరు వైపు చూపిస్తూ గొంతు చించుకుంటున్నాడు. అప్పుడు నేను వాడి కళ్ళతో చూశాను. వరుసగా నల్లటి గుండ్లు, మధ్యలో ఎర్రటి తీగ, కొసలకు మెరిసే టెర్మినళ్ళు, పక్కనే డీజిల్ ట్యాంకు. ఎవరో బాగా చదువుకున్నవాడు చేసిన పనే.

చదువుకున్నవాణ్ణి కాబట్టి నేనే ముందుకొచ్చి ఇంగ్లీషులో వివరించాను. ఇందులో సర్క్యూటు పూర్తి కాలేదనీ, బ్యాటరీ లేదనీ, స్విచ్చి లేదనీ, కరెంటు ప్రవహించే అవకాశమే లేదనీ చెప్పాను. నేను చెప్పిన ఒక్కొక్క పేరుకూ ఆ కుర్రవాడు ఒక్కొక్క అడుగు వెనక్కి వేశాడు. తుపాకి మాత్రం పైకి లేచింది.

"నువ్వు నోరు మూసుకో నాయనా, నీకు పుణ్యముంటాది" అంది చిన్నమ్మ. "మనల్నందర్నీ కాల్చిపిచ్చేదాకా ఊరుకోవా?"

ఈ గోలకు గుడారంలోంచి ముసలి హవల్దారు ఒకడు బనీనుతో బయటికి వచ్చాడు. పెద్ద బొజ్జ, నిద్ర చెడిన ముఖం. కుర్రవాళ్ళను పక్కకు నెట్టి, మూలుగుతూ బస్సు కింద దూరాడు. కాసేపు కాళ్ళు మాత్రమే కనబడ్డాయి. ఆ కాళ్ళు కదలకుండా ఉన్నంతసేపూ అందరం వాటినే చూస్తూ నిలబడ్డాం. తర్వాత లోపలి నుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు, ఆ వెంటనే పెద్ద నవ్వు. దండ మొత్తం తెంపి చేతికి చుట్టుకుని బయటికి వచ్చి, "నూమీ!" అన్నాడు. "నూమీ బస్రా!" ఒక కాయను బూటు కింద చిట్లించి అందరి ముక్కుల దగ్గరా పెట్టాడు. కువైట్‌లో లూమీ అనేదాన్నే వాళ్ళు నూమీ అంటారు, ఆ కాయలతోనే టీ కాస్తారట. తుపాకులు దిగాయి. తుపాకి ఎత్తిన కుర్రవాడు నాకంటే ఎక్కువ వణుకుతున్నాడని అప్పుడు చూశాను. రేషన్ సరిగా అందక వాళ్ళు మంచి టీ తాగి ఎన్నాళ్ళయిందో, క్షణంలో పొయ్యి వెలిగింది. బొగ్గూ మిరపకాయలూ విసిరేసి, కాయలు కడిగి, చితక్కొట్టి, కెటిల్‌లో వేసి బాగా చక్కెర పోశారు.

అసలు గొడవ అప్పుడు మొదలైంది.

"తాగొద్దురా! అయ్యో, అది దిష్టిది రా!" అంటూ చిన్నమ్మ కెటిల్ మీదికి ఉరికింది. "లా, లా, వద్దు! దిష్టి నిమ్మకాయ తొక్కితేనే తగుల్తాది, తాగుతారా ఎవురైనా?" ఆమెకు వచ్చిన అరబ్బీ అంతా వంటగదిది. ఉల్లిపాయలు చాలా, మాంసం ఉడికిందా, ఇవే. దిష్టి గురించి అందులో ఒక్క ముక్క లేదు. కాయలు పోతున్నాయని ముసలమ్మ ఏడుస్తోందనుకుని హవల్దారు బాధపడ్డాడు. బదులుగా ఒక పెద్ద సంచీ ఖర్జూరాలు తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాడు. వదినకు మొదటి గ్లాసు ఇవ్వబోతే చిన్నమ్మ తన చేతులు అడ్డం పెట్టి, కళ్ళెర్రజేసి ఆపింది. కుర్రవాళ్ళు ఊదుకుంటూ తాగారు. ఇంకో గ్లాసు పోసుకున్నారు. వదినను చూపించి అన్న ఏదో చెప్పగానే హవల్దారు పత్రాల మీద గబగబా ముద్రలు కొట్టి, మా ట్యాంకులో డీజిల్ పోయించి, "యల్లా, యల్లా" అని, ఇక పోండన్నట్టు చేతులూపాడు. మొదట బస్సు కిందికి ఒంగి చూసిన కుర్రవాడు వదిన కోసం ఒక తడి గోనెపట్టా తెచ్చి కిటికీకి కట్టాడు. సాయంత్రానికల్లా మా ముందు పోయిన బస్సులను మళ్ళీ కలుసుకున్నాం.

"ఏం చిన్నమ్మా, మన దిష్టి పోయినట్టా, పోనట్టా?" అని అన్న అద్దంలోంచి అడిగాడు.

"పోయింది. ఆ పిల్లోల్ల కడుపులోకి పోయింది" అంది చిన్నమ్మ. ఖర్జూరాలు ముట్టుకోలేదు.

అమ్మాన్ దాకా మేం చేరలేదు. సరిహద్దు దగ్గర, రెండు దేశాల మధ్య ఎవరిదీ కాని ఇసుకలో డేరాలు వేసి మమ్మల్ని ఆపేశారు. నా తమ్ముడి కొడుకు చూడబోయే అయిదు పెద్ద మృగాల పేర్లు జాబితా చివర రాశాడు. మేమూ అయిదు చూశాం. ఈగలు, తేళ్ళు, ఒక ఊరకుక్క, రొట్టెలు దొంగిలించే ఒంటె, నీళ్ళ ట్యాంకరు వచ్చినప్పుడు మనుషులు. డేరా తాళ్ళు ఏ కోణంలో కట్టాలో నేను అందరికీ నేర్పాను. మొదటి గాలికే పడిపోయింది నా డేరా. టేబుల్ ఫ్యాన్ మేస్త్రీ ఫ్యానును డేరా మధ్యలో పెట్టుకుని, రెక్కల మీద లుంగీ ఆరేసేవాడు.

వదినకు నొప్పులు మధ్యాహ్నం మొదలయ్యాయి. శిబిరంలో ఉన్న వైద్యుల డేరా బయట అన్న ఇసుకలో గుండ్రంగా తిరుగుతున్నాడు. మేం నీళ్ళు మోశాం, మోసిన నీళ్ళు చాలక మళ్ళీ మోశాం. పొద్దు దిగుతుండగా లోపల ఒక పసికంఠం గట్టిగా, కోపంగా ఏడ్చింది. అన్న ఉన్నచోటే కూర్చుండిపోయాడు. చిన్నమ్మ బయటికి వచ్చి, "ఆడపిల్ల. అమ్మా బిడ్డా బాగుండారు. అమ్మాను లేదు, మంచమూ లేదు, అయినా వచ్చేసింది చూడు" అంది.

ఆమె రాళ్ళ ఉప్పు పిడికిట్లో తీసుకుని లోపలికి పోయి పాపకు దిగదీసి, బయట నిప్పుల్లో వేసింది. ఉప్పు చిటపటలాడింది. పని అయిపోయిందనుకున్నాం. చిన్నమ్మ ఇంకో పిడికెడు తీసుకుని డేరాల వరుస దాటి నడిచింది. మేం వచ్చిన రోడ్డు వైపు తిరిగి, ఎదురుగా ఎవరూ లేని గాలిలో చెయ్యి మూడుసార్లు తిప్పింది. "ఎవురికి చిన్నమ్మా?" అన్నాను. "ఆ టీ తాగినోల్లకు. వాల్లకు మాత్రం తల్లులు లేరా?" అంది. నాకు నవ్వొచ్చింది. గట్టిగానే నవ్వాను కూడా.

మేం ఇళ్ళు చేరాక, ఆ చలికాలం యుద్ధం జరిగింది. కువైట్ నుంచి బస్రా పోయే ఆ దారి పొడుగునా కాలిపోయిన ఇరాక్ సైన్యం లారీల బొమ్మలు పేపర్లలో వచ్చాయి. మా ఊరు లక్కిరెడ్డిపల్లెలో, మా ఇంటి వసారాలో కూర్చుని చిన్నమ్మ ఆ పేపరు రెండు చేతులా పట్టుకుని, చదవడం రాకపోయినా, ముఖాల కోసం వెతికింది. ఆ చెక్‌పోస్టు కుర్రవాళ్ళు ఏమయ్యారో తెలుసుకునే దారి మాకెప్పుడూ దొరకలేదు. వదిన కూతురికి ఇప్పుడు ముప్పై దాటాయి, తలలో ఒకటీ అరా తెల్ల వెంట్రుకలు వస్తున్నాయని నాతో గొడవ పడుతుంది. టీ గ్లాసు ఊదుకుంటూ నిలబడ్డ ఆ పిల్లలకు మాత్రం నా లెక్కలో ఇంకా ఇరవై నిండలేదు.