మామగారి ఎరుపు

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. మహిమల మీద అసలే లేదు. ఆటోనగర్‌లో ముప్పై ఏళ్ళుగా మోటార్ రివైండింగ్ షాపు నడుపుతున్నాను. మీటర్ ముల్లు కదిలితే కరెంటు ఉన్నట్టు, కదలకపోతే లేనట్టు. అంతకు మించి వాదించడానికి వచ్చినవాళ్ళకి టీ ఇచ్చి పంపించేస్తాను.

మా మామగారిది పెడన. కలంకారీ బట్టలకు రంగు ఉడికిస్తారు. ఆయన ఎరుపంటే ఆ చుట్టుపక్కల ఒక పేరు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు వాళ్ళ బావి పూడ్చేశారు. అప్పటినుంచి కుళాయిలో వచ్చే శుద్ధి చేసిన నీళ్ళే గతి. ఆ నీళ్ళలో ఎరుపు రాలేదు, ఇటుక రంగు వచ్చేది. రెండేళ్ళు రకరకాలుగా ప్రయత్నించి, "ఈ వేసవితో పొయ్యి ఆర్పేస్తానండీ అల్లుడుగారూ" అన్నారు. ఆ మాటకి మా ఆవిడ అన్నం సగంలో వదిలేసి లేచిపోయింది. నాకూ మనసు చివుక్కుమంది.

అదే వారం గుణదల నుంచి ఒక మాస్టారు షాపుకొచ్చారు. కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యారు. నీళ్ళ నుంచి వచ్చే సన్నని విద్యుదయస్కాంత తరంగాలను కొలిచి, కంప్యూటర్లో దాచి, కాయిల్ ద్వారా వేరే నీళ్ళలోకి ఎక్కించవచ్చని ఆయన నమ్మకం. డ్రమ్ము చుట్టూ పట్టే కాయిల్ కావాలన్నారు. చుడుతున్నంతసేపూ ఆయన్ని ఏడిపించాను. "అయితే మా మామగారి బావిని ఎక్కించండి చూద్దాం" అన్నాను. ఆయన నవ్వలేదు.

"ఆ బావి నీళ్ళు ఏమైనా మిగిలాయాండీ?" అని అడిగారు.

మిగిలాయి. పూడ్చే ముందురోజు మామగారు ఒక సీసాలో పట్టి దేవుడి గూట్లో పెట్టుకున్నారు.

ఆదివారం పొద్దున్నే పెడన వెళ్ళాం. మాస్టారు తన చిన్న కాయిల్లో సీసా పెట్టి కొలిచారు. లాప్‌టాప్‌లో నాకు వణికే గీత తప్ప ఏమీ కనబడలేదు. రెండు డ్రమ్ముల్లో ఒకే కుళాయి నీళ్ళు పట్టాం. ఒకదానికి నా కాయిల్ తొడిగి, ఆ సిగ్నల్‌ని గంటసేపు పంపారు. అంతవరకూ మామగారిని ఇంట్లోనే కూర్చోబెట్టాం. ఏ డ్రమ్మో ఆయనకి చెప్పలేదు. తర్వాత ఒకే తానులోంచి రెండు ముక్కలు, ఒకే తూకం రంగు, ఒకేలాంటి రెండు రాగి కాగులు.

మామూలు నీళ్ళ ముక్క ఇటుక రంగే. రెండోది పైకి తీసి, మామగారు కర్ర మీద బట్టను అలాగే పట్టుకుని ఉండిపోయారు. "ఇది మా బావేనండీ" అన్నారు. కళ్ళు తుడుచుకోవడానికైనా చెయ్యి తీయలేదు. నాకూ సంతోషం పట్టలేదు. ఏడిపించినందుకు ఏమీ అనుకోవద్దని మాస్టారిని బతిమాలుకున్నాను.

అసలు సంగతి మర్నాడు షాపులో తెలిసింది. వెంట తెచ్చుకున్న కాయిల్‌కి మీటర్ పెడితే ముల్లు కదల్లేదు. టేపు విప్పి చూసి తల పట్టుకున్నాను. రాగితీగకి పైన వార్నిష్ పూత ఉంటుంది. కొనల దగ్గర దాన్ని గీకేస్తేనే కరెంటు వెళుతుంది. మాస్టారిని ఏడిపించే హుషారులో నేను గీకడమే మర్చిపోయి, అలాగే మెలిపెట్టి టేపు చుట్టేశాను. ఆ గంటసేపూ డ్రమ్ముకి వెళ్ళింది ఏమీ లేదు.

మాస్టారికి ఫోన్ చేసి చెప్పాను. "గీకి మళ్ళీ చేద్దామండీ. నిజం తెలియాలి కదా" అన్నారు.

ఆయన మాట న్యాయమే. కానీ గీకాక ఎరుపు రాకపోతే? మామగారు ఈ సంగతి తెలియకుండానే మళ్ళీ పొయ్యి రాజేశారు. మాస్టారి మెషీన్ ఆయన దగ్గరే ఉంది, నా కాయిల్‌కి మళ్ళీ టేపు చుట్టి అలాగే తీసుకెళ్ళి ఇచ్చాను. కాయిల్ తొడిగిన రోజు ఎరుపు, తొడగని రోజు ఇటుక రంగు. నా కళ్ళతో చాలాసార్లు చూశాను. ఎలాగో నాకు తెలియదు, మాస్టారికీ తెలియదు.

షాపులో పని నేర్చుకునేవాళ్ళకి నేను మొదట చెప్పేది కొన గీకమనే. ఆ కాయిల్ మాత్రం అలాగే ఉంది. నెలకోసారి మాస్టారు ఫోన్ చేసి "గీకారా?" అంటారు. "ఇంకా లేదండీ" అంటాను.

పోయిన నెల ఆ మాట అడగలేదు. "మామగారు కులాసాయేనా అండీ?" అని మాత్రం అడిగి పెట్టేశారు.