కల్లు తాగిన చదువుల దేవుడు

మా చెల్లెకు ఆ దేవుణ్ణి తయారుచేసి ఇచ్చింది నేనే. మేడ్చల్‌లో సందెవేళ కరెంటు పోతే చిన్నప్పుడు అది ఏడ్చేది. దాని ఏడుపు ఆపడానికి నేను లోకాలు కల్పించేదాన్ని. అందులో ఒక లోకంలో చెట్లకు పుస్తకాలు కాసేవి. అక్కడొక బీద పండితుడు కాసిన ప్రతి పుస్తకమూ చదివి చదివి, ఒకనాడు చదువుల దేవుడైపోయాడు. ఇక ఎవరేమడిగినా ఆయనకు తెలుసు.

తొంభైల నడుమ చెల్లె పదో తరగతి లెక్కల్లో రెండుసార్లు తప్పింది. బాపు తేల్చి చెప్పాడు.

"గిదే ఆఖరు. ఈసారి తప్పితే జీడిమెట్ల మందుల కంపెనీల ప్యాకింగుకు పోవాలె. సూపర్‌వైజర్‌తోని మాట్లాడిన."

నేను మూడు రోజులు కొట్లాడాను. ఆయన పేపరు చదువుకున్నాడు.

పరీక్ష నెల రోజులుందనగా పెరట్లో కరివేపాకు చెట్టు కింద ఒక రాయి లేచింది. పసుపు, కుంకుమ, వేపాకులు. చెల్లె నా పండితుణ్ణి అక్కడ నిలబెట్టింది. పుస్తకం ముట్టదు, పొద్దున్నే రాయికి మొక్కి కూర్చుంటుంది. పైగా అమ్మ, పోచమ్మకు పోసినట్టే దానికీ నైవేద్యంగా కల్లు సాక పోస్తోంది.

"చదువుల దేవునికి కల్లు పోస్తరా అమ్మా?"

"మన దేవుండ్లందరు తాగేటోళ్లే. గీయనొక్కడు తాగకుంటే వాళ్లల్ల ఎట్ల కలుస్తడే?"

చెల్లె మీద పడ్డాను. "ఆయన దేవుడూ కాదు, ఏం కాదు. నువ్వు ఏడుస్తుంటే నేను చెప్పిన కత!"

"చెప్పింది నువ్వే అక్కా. మరి నీకెవ్వరు చెప్పిన్రు?"

బీఏ చదివినదాన్ని, నోట్లో మాటకు కరువు లేనిదాన్ని. అయినా ఆ రాయిని వదిలి ఇంట్లోకి నడిచాను.

ఇంకా ఇరవై రోజులే. దిక్కు తోచక కథను పొడిగించాను. "ఒక ముచ్చట నీకు చెప్పలే. ఆయన ముందుగాల మనిషే గదా. ఉత్త దండాలు ఆయనకు కనపడవు. తప్పయినా సరే, చేసిన లెక్కనే కనపడుతది."

"ఇన్నేండ్లు ఎందుకు చెప్పలే?"

"నువ్వు అడగలే."

మర్నాడు రాయి కింద రెండు కాగితాలున్నాయి. ఆ తర్వాత రోజూ ఉన్నాయి. అది స్నానానికి పోగానే వాటిని తీసి, ఎర్ర పెన్నుతో, ఎడమచేత్తో దిద్ది మళ్లీ పెట్టేదాన్ని. కాగితాలు కల్లుకు తడిసి పుల్లటి వాసన కొట్టేవి. లెక్కలతో నాకు పదిలోనే తెగతెంపులు. అయినా వర్గ సమీకరణాల సూత్రం గుర్తున్నట్టే అనిపించి, ప్రతి కాగితం మీదా రాసిపెట్టాను. దాని పుస్తకం తెరిచి ఒక్కసారి చూసుకుంటే ఏం పోయేది? నాకు రాదని ఒప్పుకోవడం నాకెప్పుడూ చేతకాలేదు.

ఫలితాల రోజు బాపు పేపర్లో నంబరు వెతికాడు. ఆయన చేతిలోంచి లాక్కుని నేను వెతికాను. లేదు. పక్క జిల్లా నంబర్లలో కూడా వెతికాను.

సోమవారం పొద్దున చెల్లె టిఫిన్ గిన్నె సర్దుకుని, ఆ కాగితాల కట్ట నా చేతిలో పెట్టింది.

"సూత్రంల గీత కింద రెండు ఏ ఉండాలె అక్కా. నీ దేవుడు ఒక్క ఏనే రాసిండు. పరీక్షయినంక గేటుకాడ పోరిలు చెప్పిన్రు."

అంటే ఫలితాలు వచ్చేదాకా అన్ని రోజులూ దానికి తెలుసు. నేను ఆశపడుతుంటే చూస్తూ ఊరుకుంది.

"రాసేది నేనని ఎరుకేనా నీకు?"

"మొదటి దినమే ఎరుక. ఏడుకు అడ్డగీత పెట్టేది ఇంట్ల నువ్వొక్కదానివే."

"మరి పుస్తకంల చూసుకోవద్దా?"

"అక్క రాసింది గదా అని చూడలే. ఇగ నన్ను పోనీ, బస్సు పోతది."

అది వాకిలి దాటింది. అమ్మ సాక చెంబు పట్టుకుని వచ్చి, చెల్లెకు పనిలో మొదటి దినం గదా, నువ్వు గూడ మొక్కు అంది. రాయి ముందు కూర్చున్నాను గానీ చేతులు లేవలేదు. ఆ రాయికి తెలిసినదెంతో నాకు తెలుసు.