తిన్నది, విన్నది, తెలియనిది

సిడ్నీ శివారు రౌస్ హిల్‌లో మెట్రో దిగి షాపింగ్ సెంటర్‌లోకి వచ్చే దారిలో కొత్తగా ఒక మెక్సికన్ కొట్టు పెట్టారు. పోయిన శనివారం మధ్యాహ్నం మా అమ్మాయి గ్రేస్‌నీ, దాని స్నేహితురాలు ఆయేషానీ వెంటబెట్టుకుని అటుగా నడుస్తుంటే, పెనం మీద మొక్కజొన్న రొట్టె కాలుతున్న వాసన, దాని వెనకే నిమ్మకాయ పిండిన వాసన ముక్కుకు తగిలాయి. నా కాళ్లు వాటంతటవే ఆగిపోయాయి. పిల్లలకు ఆకలిగా ఉంది. బోర్డు చదివిన ఆయేషా నా వైపు తిరిగి, "ఆంటీ, బీన్స్ ఈజ్ ఓకే ఫర్ మీ, రైట్?" అని అడిగింది. వాళ్లింట్లో పంది మాంసం ముట్టరు. అవునమ్మా అనడానికి నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాను. ఆ నోరు మూయించిన మనిషి పేరు గఫార్ గారు. ఆయన పోయి రెండేళ్లయింది.

గఫార్ గారిది బందరు. పారమట్టా స్టేషన్ నుంచి అయిదు నిమిషాలు నడిస్తే, ఒక పళ్ల డాక్టరు గారి క్లినిక్ మీద మేడలో ఆయన ట్రావెల్ ఆఫీసు ఉండేది. రెండు బల్లలు, ఒక టీ ఫ్లాస్కు, గోడ నిండా ఫైళ్లు, అంతే. నేను వేరే రాష్ట్రంలో, మాసన్ లేక్స్‌లో యూనివర్సిటీ చదువు ముగించి సిడ్నీ వచ్చిన కొత్తలో, నా చదువుకు తగ్గ ఉద్యోగం దొరికేదాకా కాలక్షేపానికని అక్కడ చేరి ఆరేళ్లు ఉండిపోయాను. ఆయన తియ్యగా మాట్లాడే మనిషి కాదు. మెచ్చుకోవడం అసలే రాదు. పని బాగుంటే ఊరుకునేవారు, బాగోకపోతే "అమ్మాయ్" అని పిలిచేవారు. అందుకని ఆ పిలుపు వినపడితే ఏం తప్పు చేశానా అని వెతుక్కునేదాన్ని.

ఆయన దగ్గర ఒక పద్ధతి ఉండేది. టికెట్టు కొన్న ప్రతి వాళ్లకీ, వెళ్లే ఊరి గురించి ఒక కాగితం ఇచ్చేవారు. ఎక్కడ తినాలి, ఏం చూడాలి అన్నీ అందులో ఉంటాయి. ఆ కాగితాన్ని స్కేలు పెట్టి మూడు గడులు చేసేవారు. మొదటి గడి తిన్నది, రెండోది విన్నది, మూడోది తెలియనిది. చూసిన చోట్లు కూడా తిన్నదాని కిందికే వచ్చేవి. మోకాళ్ల నొప్పుల వల్ల ఆయన పెద్దగా తిరగలేదు. అందుకని ప్రయాణం చేసి వచ్చినవాళ్లను టీకి పిలిచి, పక్కన కాగితం పెట్టుకుని, పోలీసులా ప్రశ్నలు వేసేవారు. నేను చేరిన వారంలో ఒకాయన సింగపూర్‌లో ఫలానా హోటల్లో బిర్యానీ బాగుంటుందట అన్నాడు. నేను మొదటి గడిలో రాయబోతే గఫార్ గారు నా చెయ్యి ఆపి, "బాగుంటుందట అన్నాడు కదమ్మా. ఆయన తినలేదు. రెండో గడిలో పెట్టు" అన్నారు. ముసలాయన చాదస్తం అనుకున్నాను.

రెండేళ్ల తర్వాత ఆయన మోకాలి ఆపరేషన్ కోసం ఆస్పత్రిలో చేరి, ఆఫీసు నాకు అప్పజెప్పారు. ఆ మూడు వారాల్లోనే షాహిదా ఆంటీ, రషీద్ అంకుల్ వచ్చారు. హైదరాబాదు వాళ్లు, ఇద్దరూ రిటైరయ్యారు, గఫార్ గారికి పాత స్నేహితులు. మెక్సికోలో లా కలేటా అని పసిఫిక్ ఒడ్డున ఒక చిన్న ఊరికి పది రోజులు వెళుతున్నారు. సముద్రం ఎట్లాగూ బాగుంటది, తిండి సంగతే చూడమన్నారు ఆంటీ. ఫైలు తీసి చూస్తే ఆ ఊరి కాగితంలో మొదటి గడిలో రెండే రెండు మాటలున్నాయి. ఒకటి ఒడ్డున బొగ్గుల మీద కాల్చే చేప, రెండు లైట్‌హౌస్ గుట్ట. మూడో గడి మాత్రం కిక్కిరిసి ఉంది. అందులో "బీన్స్ దేంతో వండుతారో తెలియదు" అని కూడా ఉంది. బీన్స్ అంటే అక్కడ రోజూ తినే, ఉడికించి మెదిపిన గింజల ముద్ద.

అన్ని తెలియదులున్న కాగితం చేతికివ్వడానికి నాకు నామోషీ అయింది. ఈ రోజుల్లో ఇదేం ఆఫీసు అనుకోరూ? కంప్యూటర్ ముందు కూర్చుని, ఇంటర్నెట్‌లో నలుగురు రాసింది పోగేసి, రంగు బొమ్మలతో కొత్త కాగితం తయారు చేశాను. మూడో గడి తీసేశాను. బీన్స్‌ను తీసుకొచ్చి మొదటి గడిలో పెట్టి, "మన పప్పులాంటిదే, నిశ్చింతగా తినవచ్చు" అని రాశాను. బీన్స్‌లో మాంసం ఎందుకుంటుంది? మా కాకినాడలో అమ్మ పప్పు నూనెతో తాలింపు పెడుతుంది, లేదా నేతితో పెడుతుంది. నాకు తెలిసిన లోకం అంతే. అలా నేను నిజంగానే పప్పులో కాలేశాను.

వాళ్లు తిరిగొచ్చేసరికి గఫార్ గారు చేతికర్ర పట్టుకుని ఆఫీసుకు రావడం మొదలుపెట్టారు. అలవాటు ప్రకారం టీకి పిలిచారు. షాహిదా ఆంటీ కూర్చోగానే చేసంచిలోంచి నా రంగుల కాగితం తీసి బల్ల మీద పెట్టారు. ఆయన దాన్ని చూడటం అదే మొదటిసారి.

"నాలుగు దినాలు పొద్దున, మాపు బీన్సే తిన్నం భాయ్" అన్నారామె. "మంచిగున్నయని ఐదో దినం వంటామెను అడిగితే, లోపటికి తీస్కపోయి డబ్బా చూపెట్టింది. పంది కొవ్వు."

రషీద్ అంకుల్ సర్ది చెప్పబోయారు. "తెల్వక తిన్నదానికి గునా లేదు, పాపం లేదు, ఇడిచిపెట్టు."

"గునా సంగతి అల్లా చూస్కుంటడు. నేను కాయితం సంగతి అడుగుతున్న." ఆమె వేలు మొదటి గడి మీద పెట్టారు. "తిన్నది అని రాసున్నది. ఎవరు తిన్నరు భాయ్?"

గఫార్ గారు నా వైపు చూడలేదు. అదే నాకు ఎక్కువ కష్టంగా తోచింది. "నా ఆఫీసు కాగితం, షాహిదా ఆపా. తప్పు నాది" అన్నారు. అప్పుడిక కూర్చోలేక లేచి నిలబడి, "నేను రాశాను ఆంటీ. ఎవరూ తినలేదు" అన్నాను. ఆమె తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది. తిట్టలేదు. "తెల్వదని రాస్తే అయిపోతుండె కద బేటా. చేపలు తిని ఉంటుంటిమి" అన్నారు. టీ అలాగే వదిలేసి వెళ్లిపోయారు.

ఉద్యోగం మానేయమంటారా అని అడిగాను. "నువ్వు మానేస్తే దిద్దేదెవరు?" అన్నారు గఫార్ గారు కాగితం మడుస్తూ. "ముందు ఆ ఊరికి ఫోన్ చెయ్యి. అడగందే అమ్మైనా పెట్టదు, వాళ్లెందుకు చెబుతారు? ఇంకో మాట. నేను చెప్పేదాకా మొదటి గడి ముట్టుకోకు." ఇక్కడ ఉదయం తొమ్మిదంటే అక్కడ ముందురోజు సాయంత్రం. దేంతో వండుతారు అన్న ఒక్క ముక్క స్పానిష్‌లో బట్టీ పట్టి, వారం రోజులు ఫోన్లు చేశాను. రెండు పూటకూళ్ల ఇళ్లవాళ్లు నూనెతో వండుతామన్నారు. దిద్దిన కాగితం నేనే షాహిదా ఆంటీ ఇంటికి తీసుకెళ్లి ఇచ్చాను. గుమ్మంలోనే తీసుకున్నారు, లోపలికి రమ్మనలేదు.

మొదటి గడి మీద ఆంక్ష ఏడాదిన్నర నడిచింది. నాకు పెళ్లయింది. హనీమూన్‌కు ఎక్కడికన్నా వెళదామని మా ఆయనంటే లా కలేటా అన్నాను. పాపం, ఆయనకు సంగతి తెలియదు. అక్కడ నేను ప్రతి వంటింట్లోకీ తల దూర్చి చూస్తుంటే, "హనీమూన్‌కొచ్చామా, ఇన్‌స్పెక్షన్‌కొచ్చామా?" అని విసుక్కున్నాడు. చేపను వీపు చీల్చి, మిరపకాయ ముద్ద పట్టించి బొగ్గుల మీద కాల్చే చోట మూడుసార్లు తిన్నాం. మడ అడవి మధ్య కాలువలో పడవెక్కి మొసళ్లను చూశాం. లైట్‌హౌస్ గుట్ట పొద్దున్నే ఎక్కాలి, పదింటికి రాళ్లు కాలిపోతాయి. రేవులో పడవలు వచ్చే వేళకు గూడబాతులు చేపల కోసం మనుషులతో పోట్లాడతాయి. చర్చి ఎదుట బల్లల మీద సాయంత్రం ఊరంతా కూర్చుంటుంది. దాల్చినచెక్క వేసి కాచిన కాఫీ అక్కడే తాగాలి. సోమవారం సగం ఊరు మూసేస్తారు.

తిరిగొచ్చాక గఫార్ గారు నన్ను బల్లకు అవతలివైపు, కస్టమర్లు కూర్చునే కుర్చీలో కూర్చోబెట్టారు. ఫ్లాస్కులోంచి టీ పోశారు. గంటన్నర అడిగారు. రొట్టె మందమెంత, గుట్టకు ఎన్ని మెట్లు, నూనె డబ్బా నీ కళ్లతో చూశావా. అన్నింటికీ చెప్పాను. చివరికి, "గురువారం సూప్ ఎలా ఉంది?" అన్నారు. ఆ ఊళ్లో గురువారాలు మొక్కజొన్న గింజల సూప్ చేస్తారు, దాని కోసం పక్క ఊళ్ల నుంచి వస్తారని రెండో గడిలో ఎప్పటినుంచో ఉంది. మా హోటలావిడ దాని గురించి లొట్టలు వేస్తూ చెప్పింది. ఖాళీ గుండిగ ఫోటో కూడా నా ఫోన్‌లో ఉంది. బ్రహ్మాండంగా ఉంది అనేస్తే ఎవరొచ్చి చూశారు గనక? నాలుక చివరిదాకా వచ్చింది. బల్ల మీద షాహిదా ఆంటీ పెట్టిన వేలు కళ్లకు కట్టింది.

"తెలియదు అంకుల్. మేం బుధవారమే వచ్చేశాం."

ఆయన కాగితాన్ని నా వైపు తిప్పి, పెన్ను దాని మీద పెట్టారు. "అమ్మాయ్, మొదటి గడి ఇక నువ్వే రాయి" అన్నారు. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. ఆయన ఇబ్బందిపడి టీ ఇంకొంచెం పోశారు. ఆ కాగితం నకలు తీసుకుని షాహిదా ఆంటీ ఇంటికి మళ్లీ వెళ్లాను. ఆమె గుమ్మంలోనే నిలబడి మొత్తం చదివారు. మూడో గడిలో "గురువారం సూప్ దేంతో చేస్తారో తెలియదు" అన్న చోట ఆగి, తలుపు ఇంకా కొంచెం తెరిచి, "లోపటికి రా బేటా" అన్నారు.

ఆరేళ్లయ్యాక నేను వేరే ఉద్యోగానికి మారాను. గఫార్ గారు పోయాక ఆఫీసు మూసేశారు. ఇప్పుడు నేను పారమట్టాలోనే ప్రభుత్వ ఉద్యోగం చేస్తున్నాను. మీటింగుల్లో అందరికీ అన్నీ తెలుసు. నేను మాత్రం తరచుగా, "తెలియదు, కనుక్కుని చెబుతాను" అంటాను. దానివల్ల ప్రమోషన్ ఒకటి ఆలస్యమైందని మా ఆయన అంటాడు, అయ్యుండవచ్చు.

"తెలియదమ్మా, అడుగుదాం" అన్నాను ఆయేషాతో. "మమ్, ఇట్స్ జస్ట్ బీన్స్" అని గ్రేస్ కళ్లు తిప్పింది. కౌంటర్‌లో ఉన్నావిడను దేంతో వండుతారని అడిగితే, ఆమెకూ తెలియదట. కనుక్కొస్తానని లోపలికి వెళ్లింది. వెనక వరుసలో ఎవరో గొణిగారు. నేను కదల్లేదు. ఆమె నూనె డబ్బా చేత్తో పట్టుకొచ్చి మరీ చూపించింది. పిల్లలకు చెరో బీన్స్ రొట్టె చెప్పి, ఆగి, నాకూ ఒకటి చెప్పాను. నాకు ఆకలేమీ లేదు. రేపెవరైనా అడిగితే, తిన్నానని చెప్పాలి కదా.