మాస్టారి నవ్వు షాట్

నిర్మాత అంటే గుండె ధైర్యం గలవాడని జనం అనుకుంటారు. నాకు లేనిది అదొక్కటే. మబ్బు పట్టినా, ఫోన్ మోగినా ఉలిక్కిపడేవాణ్ణి.

తొంభైల్లో రామచంద్రపురం దగ్గర ఒక పల్లెలో టీవీ సీరియల్ తీస్తున్నాం. తాతగారు పోయే సీను. ఆ వేషం వేయాల్సిన నటుడు హైదరాబాద్ నుంచి రాలేదు. ఎదురింటి రిటైర్డ్ మాస్టారు, "నేను పడుకుంటా లెండి, పడుకోడానికి రిహార్సల్ ఎందుకండీ?" అన్నారు. ఆయన భార్య ముఖం మాడిపోయింది. మా వృత్తిలో ఒక ఆనవాయితీ ఉంది. శవంగా నటించిన మనిషిని సీను అవగానే లేపి, కెమెరా వైపు చూసి నవ్వమని ఒక షాట్ తీస్తాం. దాంతో కీడు పోతుందని నమ్మకం. తప్పకుండా తీస్తానని మాటిచ్చి ఆవిడని ఒప్పించాను.

ముక్కుల్లో దూది పెట్టి, దండ వేసి తీశాం. కట్ చెప్పేలోపే వాన. కెమెరా తడుస్తుందని అందరం పరుగు. సామాను వ్యాన్లో పడేసి కాకినాడ లాడ్జికి వచ్చేశాం. మర్నాడు పొద్దున ఇడ్లీ తుంచుతుంటే గుర్తొచ్చింది, నవ్వు షాట్ తీయలేదని. ప్లేటు పక్కకి తోసేశాను. వాళ్ల పక్కింటికి ఫోన్ చేస్తే, "మాస్టారికి గుండెల్లో నొప్పండి, కాకినాడ ఆసుపత్రికే తీసుకెళ్లారు" అన్నారు.

కెమెరామన్‌ని లాక్కుని పరుగెత్తాను. మాస్టారు అచ్చం మా సీన్లో పడుకున్నట్టే పడుకుని ఉన్నారు. ఆవిడ నన్ను చూసి, "మర్చిపోయారు కదండీ" అన్నారు, అంతే. నాలుగు తిట్టినా బాగుండేది.

మాస్టారు కళ్లు తెరిచి కెమెరా చూశారు. "ఏంటండీ, ఈసారి నిజం శవాన్ని తీద్దామని వచ్చారా?" అని నవ్వారు. కెమెరామన్ గబగబా తీశాడు. ఆవిడ నాకు చేతులు జోడించి ఏడ్చేశారు. మెట్లు దిగుతుంటే కెమెరామన్ నా చెవిలో, "హడావుడిలో క్యాసెట్ పెట్టలేదండి" అన్నాడు.

వెనక్కి వెళ్లి చెప్పే ధైర్యం లేకపోయింది.

మాస్టారు కోలుకున్నారు. ఇంటికొచ్చిన వారానికే వెళ్లి మళ్లీ తీశాను. అయినా భయం పోలేదు. ఆలస్యంగా తీసింది పనిచేస్తుందో లేదో ఎవరిని అడగను? అప్పట్నుంచి ఏటా ఏదో వంక పెట్టుకుని వెళ్లి ఆయన నవ్వు తీసేవాణ్ణి. సీరియల్ ఆగిపోయింది, తర్వాత తీసిన సినిమా ఆడలేదు, ఈ పని మాత్రం మానలేదు. ఆయన మీద నాకెంత అభిమానమో అని ఊరంతా చెప్పుకున్నారు.

ఒక ఏడు పనుల్లో పడి వెళ్లలేకపోయాను. ఆవిడే ఫోన్ చేశారు. "ఆసుపత్రిలో మీరు తీసిన దగ్గర్నుంచీ ఆయనకి ఏమీ కాలేదండి. ఈ ఏడు ఇంకా రాలేదేంటండీ? నాకు భయంగా ఉంది."

ఆసుపత్రిలో తీసిందేమీ లేదని అప్పుడూ చెప్పలేదు. "రేపే వస్తానమ్మా" అన్నాను. ఫోన్ పెట్టేసి, కెమెరా తెరిచి, క్యాసెట్ ఉందో లేదో చూసుకున్నాను.