మా బావ చేతిరాతలో వచ్చిన చీటీ

ఇది ఒక మహా ప్రతీకార గాథ. ఇందులో ద్రోహం ఉంది, ఉపవాసం ఉంది, పరలోకం స్వయంగా కలగజేసుకున్న ఘట్టం ఉంది. చదివాక మీకు రెండు రోజులు అన్నం సయించదు.

నిజం చెప్పాలంటే అంత లేదు. ఇందులో ఒక డోలక్, ఒక చీటీ, మా బావ ఉన్నారు. అన్నం మామూలుగానే సయిస్తుంది.

మా ఊరు కొత్తకోటకు, వనపర్తికి మధ్య. కొత్తకోటలో హైవే పక్కన లారీల షెడ్డులో మెకానిక్‌గా చేస్తున్నాను. ఆదివారం మాత్రం ఊళ్లో మా చర్చిలో డోలక్ వాయించేవాణ్ని. పదిహేనేళ్ల వయసు నుంచి నా చోటు పాస్టరు గారి ఎడమ పక్కన, కిటికీ కింద. బావ అంటే మా మేనత్త కొడుకు. చర్చికి సెక్రెటరీ.

పోయిన చలికాలం గద్వాలలో స్నేహితుడి పెళ్లి. బరాత్‌లో ఊరేగింపు ముందు డప్పు కొట్టేవాడికి చేయి నొప్పి పుడితే నేను అందుకున్నాను. ఎవరో వీడియో తీశారు. మరుసటి ఆదివారం ప్రకటనల సమయంలో బావ మైకు ముందుకు వచ్చి, కాగితం చూసి చదివాడు. బరాత్‌లో కొట్టిన చెయ్యి మందిరంలో వాయించరాదని సంఘం నిర్ణయించిందట. సంఘం అంటే బావ, బావ పక్కన కూర్చునే ఇద్దరు ముసలాయనలు. వాళ్లలో ఒకాయనకు చెవులు వినపడవు. డోలక్ ఆ పూటే బావ కొడుకు ఒళ్లోకి పోయింది. వాడు ఇంటర్ చదువుతున్నాడు. వాడు వాయిస్తుంటే జొన్నరొట్టె చరుస్తున్నట్టు ఉంటుంది. రొట్టె అయితే కనీసం గుండ్రంగా వస్తుంది.

బయటికి వచ్చాక అడిగాను.

"బావ, ఇంటికొచ్చి చెప్పొచ్చు గద. మైకుల చెప్పాల్నా?"

"మైకుల చెప్పకుంటె నీకు ఇనపడదు ర బామ్మర్ది. డప్పు మోతకు చెవులు పోయినయ్ నీకు."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. జోకు బాగుంది. అందుకే క్షమించలేకపోయాను. మా ఊళ్లో జోకులు వేసేది నేను.

ఆ రోజు నుంచి నాకు కావలసింది ఒక్కటే. అదే మైకు, అదే జనం, బావ తల వంచుకోవాలి.

ఇంతలో శ్రమల దినాలు వచ్చాయి. ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజులు. అప్పుడు మా చర్చిలో ఒక పద్ధతి ఉంది. ఇంటికొకరు తమ ప్రార్థన విన్నపాన్ని చీటీ మీద, పేరు లేకుండా రాసి బిస్కెట్ డబ్బాలో వేస్తారు. తర్వాత ఇంటికొక చీటీ తీసుకుంటారు. అది ఎవరిదో తెలియకపోయినా పండుగ దాకా రోజూ దాని కోసం ప్రార్థించాలి. ఇంకొకరికి చూపకూడదు.

నాకు వచ్చిన చీటీ విప్పగానే రాత గుర్తుపట్టాను. ప్రతి అక్షరానికీ తలకు రుమాలు చుట్టినట్టు తలకట్టు పెట్టేవాడు మా ఊళ్లో ఒక్కడే. సెక్రెటరీ గారు. అందులో ఇలా ఉంది: "నా కుమారుడు మెల్లమెల్లగా దూరమగుచున్నాడు. మందిరమునకు వచ్చుచున్నాడు గాని వాని మనస్సు వచ్చుట లేదు. ప్రభువు వానిని మరల దగ్గరకు తీయునట్లు ప్రార్థించగలరు."

పరలోకం కలగజేసుకోవడం అంటే ఇదే. జొన్నరొట్టె వాడు దారి తప్పుతున్నాడు, ఆ సంగతి వాళ్ల నాన్న తన చేత్తో రాసి నా చేతికి ఇచ్చాడు.

నాలో అంత భక్తి నేనే ఎప్పుడూ చూడలేదు. పొద్దున ఐదింటికే లేచేవాణ్ని. శుక్రవారాలు ఉపవాసం. షెడ్డులో లారీ కింద పడుకుని గ్రీసు పెడుతూ కూడా ప్రార్థించాను. ప్రార్థన చిన్నదే. ప్రభువా, ఆ కుమారుణ్ని ఇంకొంచెం దూరం పోనివ్వు, నువ్వేం తొందరపడకు. శత్రువుల మీద ఉన్న కీర్తనలన్నీ నోటికి వచ్చేశాయి. మిగతావి ఏ వైపు ఉంటాయో మరిచిపోయాను. ఆదివారం అందరికంటే ముందు వచ్చి, ఆ పిల్లవాడు బాగా కనపడే చోట కూర్చునేవాణ్ని. వాడు ఆవులిస్తే నాకు ఆదరణ. ప్రసంగం మధ్యలో ఫోను తీస్తే నా ప్రార్థనకు జవాబు. ఒకసారి పాస్టరు గారు నన్ను చూపించి, సంఘం క్రమశిక్షణలో పెట్టినా అలగకుండా రెట్టింపు ఆసక్తితో వస్తున్న తమ్ముడు అన్నారు. తల వంచుకున్నాను. వినయం బాగా కుదిరింది.

ఈస్టరుకు ముందు వచ్చే మట్టల ఆదివారం, ఎవరి అనుభవం వాళ్లు చెప్పుకునే సాక్ష్యాల సమయంలో లేచి ఆ చీటీ చదవాలని నిర్ణయించుకున్నాను. గొంతు కొంచెం వణికించి, ఈ తండ్రి కోసం నేను కన్నీటితో ప్రార్థించాను, మీరూ ప్రార్థించండి అంటాను. చీటీ చూపకూడదన్న నియమం ఆ కన్నీళ్ల ముందు ఎవరికీ గుర్తుండదు. చదువుతూ చీటీని జనం వైపు తిప్పితే చాలు, తలకట్లు చూసి తండ్రి ఎవరో తెలుసుకుంటారు.

ముందు రోజు మధ్యాహ్నం ఆ సంతోషం ఆపుకోలేక అమ్మ దగ్గరికి పోయాను. అమ్మ పల్లికాయ తెంపే కూలికి పోయింది. పీకిన చెట్ల కుప్ప పక్కన, కర్రలకు కట్టిన పాత చీర నీడలో కూర్చుని కాయలు తెంపి గంపలో వేస్తోంది.

"అమ్మా, రేపు బావ మొఖం చూడాలె నువ్వు."

"ఆయన మొఖం నాకేం కొత్తనా."

చీటీ తీసి, బావ గొంతు అనుకరిస్తూ చదివాను. గంపలో కాయలు పడే చప్పుడు ఆగింది.

"గా చీటీ నీకొచ్చిందా?"

"నాకే వచ్చింది. నెల దాటె, రోజు ప్రార్థన చేస్తున్న."

"ఏమని చేస్తున్నవ్?"

చెప్పాను. అమ్మ చేతికంటిన మన్ను దులుపుకుంది.

"అది నేను రాపిచ్చిన చీటీ ర."

అమ్మకు చదువు రాదు. రాయడం రానివాళ్లందరికీ చీటీలు రాసిపెట్టేది సెక్రెటరీయే. ఈ సంగతి మా చర్చిలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. నాకూ తెలుసు. ఆ నెల రోజులూ తెలియలేదు.

"నన్నడిగితే నేను రాసిస్తుంటి గద."

"నీ గురించి నీతోని రాపిస్తర?"

"బావ ఏమన్నడు?"

"పిల్లగాడు మంచోడే అత్తా, జర మంకుపట్టు ఉంది అన్నడు. ఇంకేమన్న రాయాల్నా అన్నడు. చాలు అన్న."

మళ్లీ కాయలు తెంపడం మొదలుపెట్టింది.

మా షెడ్డుకు వచ్చే డ్రైవర్లు, బండి మంచిగ పోతుంది అంటారు. వంగి చూస్తే టైరు ఒక్క పక్కే అరిగి ఉంటుంది. బండి ఎన్నాళ్లుగానో పక్కకు గుంజుతోంది, స్టీరింగు పట్టిన చేతులకు అలవాటై తెలియలేదు. ఈ మాట చెప్పి ఎంతమంది డ్రైవర్లను ఎగతాళి చేశానో. ఆ కుప్ప పక్కన కూర్చుని నెల రోజులూ తిరగేసుకున్నాను. ఒక్క ప్రసంగం గుర్తులేదు. పాటలకు పెదవులు కదిపానే గాని ఒక్కటీ పాడలేదు. అమ్మ మోకాళ్ల నొప్పి కోసం ఒక్క మాట అడగలేదు. ఆ పిల్లవాడి ఆవులింతలు మాత్రం పదకొండు అని చెప్పగలను. తాగి దారి తప్పితే ఊరంతా చూసి చెబుతుంది. నేను ఐదింటికి లేచి, ఉపవాసముండి, పాస్టరు మెప్పు పొందుతూ దూరం పోయాను. పోనివ్వమని అడిగింది కూడా నేనే. ఇంత త్వరగా, ఇంత పూర్తిగా జవాబు వచ్చిన ప్రార్థన నా జీవితంలో ఇంకొకటి లేదు.

అప్పుడు కూడా నాకు ముందు కోపం వచ్చింది బావ మీదే. పదిమందిలో నన్ను దించినవాడు, అమ్మ దగ్గర నన్ను మంచోడన్నాడు. తిట్టి ఉంటే సమానమయ్యేది.

మట్టల ఆదివారం ఎవరికైనా సాక్ష్యం ఉందా అని పాస్టరు గారు అడిగారు. లేచాను. చీటీ జేబులోనే ఉంచి, నా కోసం ప్రార్థన చేయండి అని కూర్చున్నాను. ముసలమ్మలు స్తోత్రం అన్నారు.

చెప్పులు వేసుకునే చోట బావ దొరికాడు.

"బావ, నాకొచ్చిన చీటీ నీదనుకున్న. నీ కొడుకు చెడిపోవాలని రోజు ప్రార్థన చేసిన."

బావ ఒక కాలికి చెప్పు తొడుక్కున్నాడు.

"వాడు కెమిస్ట్రీల పోయేటట్టుండు. గది నీ పనేనా?"

"అంత నాదే అనలేను బావ. వాని కష్టం గూడ ఉంటది."

నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు.

"మరి డోలక్?"

"సంఘం చూస్తది."

"సంఘం అంటె నువ్వే గద."

"ఇంకిద్దరున్నరు."

పాత కోపం మళ్లీ లేచింది. ఈసారి అది లేవడం నాకు కనపడింది. ఇప్పటికి తేడా అంతే. ఎటు గుంజుతుందో చూస్తూ నిలబడ్డాను.

"ఈస్టరుకు జంపఖానాలు ఉతకాలె," అన్నాడు బావ. "ఆరున్నయ్. తడిస్తె బరువుంటయ్, నాతోని ఒక్కనితోని కాదు. శనివారం పొద్దుగాల వస్తవా?"

"వస్త."

"ఏడింటి లోపల రా. ఏడున్నరకు నల్లా బంద్ అయితది."