పదహారు పొగగొట్టాల మూలుగు

ఒక మనిషి మూడు నెలల కష్టాన్ని ఒకే ఒక్క కొవ్వొత్తితో, అదీ వెలిగించకుండానే, బూడిద చేసిన ఘనుణ్ణి ఎక్కడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి.

డెబ్భైల్లో ఇబ్రహీంపట్నంలో దేవసహాయం గారి ఇంటి వెనక గదిలో అద్దెకు దిగాను. ఆయన పొగాకు తాగే పొడుగు కాడ పొగగొట్టాలు చేసేవారు. మూరన్నర కర్రలో కాల్చిన ఊచతో ఈ చివర నుంచి ఆ చివరకు బెజ్జం పొడిచి, దూలానికి వేలాడదీసేవారు. గవర్నర్‌పేట షాపు వాళ్ళడిగిన పదహారు కాడలూ తయారయ్యాయి, చివర పొగాకు కూరే గిన్నెలు బిగించడమే మిగిలింది.

మొదటి సాయంత్రమే గోడ అవతల ఎవరో మూలిగారు. కాసేపటికి ఇంకొకరు. తలుపు తోసి చూస్తే మనిషన్నవాడు లేడు. కృష్ణ మీది గాలికి కాడలు మెల్లగా ఊగుతున్నాయి. ఓస్, గాలే కదా అనుకున్నాను. అంతలో గాలి ఆగింది. ఒక కాడ మాత్రం మూలుగుతూనే ఉంది. నేను ధైర్యవంతుణ్ణేనండీ, నా కాళ్ళే నన్ను అడక్కుండా వీధిలోకి వెళ్ళిపోయాయి.

"అవెందుకండీ అలా మూలుగుతాయి?" అని ఆయన్నే అడిగాను.

"మూలగనీ అబ్బాయ్. మూలిగితేనే బతికున్నట్టు."

అంటే ఏమిటని అడగొచ్చుగా? అడగలేదు. వారం రోజులు అన్నం ముందు కూర్చున్నా, పుస్తకం తెరిచినా, ఎవరికో ప్రాణం పోతున్నట్టు అదే మూలుగు. ఆయన హనుమాన్ జంక్షన్ వెళ్ళిన రోజున, ఎండకు మెత్తబడ్డ కొవ్వొత్తిని గిల్లి పదహారు బెజ్జాల్లోకీ లోపలికంటా కూరేశాను.

సాయంత్రం దేవసహాయం గారు తిరిగొచ్చారు. ఆయనకు చూపు సరిగా ఆనదు, చెవితోనే పని చూసుకుంటారు. గాలి లేచాక ఒక్కో కాడకీ చెవి ఆనించి విన్నారు.

"బెజ్జాలన్నీ పూడుకుపోయినయ్. పదహారూ చచ్చినయ్," అన్నారు. "నా చెయ్యి పనికిరాదింక. ఇయ్యాల్టితో ఊచ పక్కన పెట్టేస్తా."

నిజం చెప్పేయాలనుకున్నాను. కానీ మిగిలిన కొవ్వొత్తి ముక్కను జేబులో దాచుకున్నాను. ఆయన కాడలన్నీ తెచ్చి పొయ్యిలో పెట్టేశారు.

పొడుగువి కదా, సగం బయటే ఉన్నాయి. కాసేపటికి ఒకదాని చివర నుంచి చుక్క రాలింది. వెంటే సన్నగా పొగ. ఆ వెంటే మూలుగు. తర్వాత రెండోది, మూడోది. పొయ్యే కూర్చుని పొగ తాగుతున్నట్టుంది.

ఆయన నేల మీది చుక్కను వేలితో తీసి వాసన చూశారు.

"కొవ్వొత్తా?"

"అవునండీ."

ఆయన నన్ను ఆగమని చెయ్యెత్తి, చివరి కాడ మూలిగేదాకా విన్నారు. కళ్ళు తడిశాయి.

"పదహారూ మోగినయ్. నా చెయ్యి బానే ఉందిరా."

ఆ తర్వాతే నన్ను బాదడానికి కర్ర కోసం వెతికారు. నా అదృష్టం, ఇంట్లోని కర్రలన్నీ పొయ్యిలోనే ఉన్నాయి.

ఆ పొయ్యి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: పక్కగదిలో ఎవరెంత మూలిగినా, ఈ జన్మలో వాళ్ళ నోరు ముయ్యను.